ఫిల్టర్ ఏదని అడిగిన డ్రైవర్

2022 ఎండాకాలం. తాండూరులో స్టేషన్‌కు పోయే రోడ్డు మీద నా కంప్యూటర్ల షాపుకు అప్పటికి తొమ్మిదేళ్లు. ఆఫీసులకు ప్రింటర్లు, బడులకు కంప్యూటర్లు అమ్మడం నా బతుకుతెరువు. గేమింగ్ కంప్యూటర్ బిగించడం మాత్రం నా సరదా. ఒక్కో భాగాన్ని ఎంచి, ఒకదానికొకటి కుదిరేలా చూడటంలో పెళ్లి సంబంధాలు చూసినంత హడావుడి ఉంటుంది. ఊళ్లో ఆ పని నాకంటే బాగా ఎవరికీ రాదని నాకు కాస్త గర్వం కూడా ఉండేది. అది ఎలా దిగిందో చెబుతాను.

ఒక మధ్యాహ్నం సరోజ అనే ఆమె వచ్చింది. కందిపప్పు మిల్లులో పని, కొంగుకు ఇంకా పొట్టు అంటుకునే ఉంది. వెనకాలే కర్ర పట్టుకుని, ఎడమకాలు ఈడుస్తూ భర్త దావీదు. ఇరవై ఏళ్లకు పైగా బండల లారీ నడిపిన మనిషి. ఏడాది కిందట నాపరాళ్లు దించుతుండగా జారి మోకాలి మీద పడ్డాయి. రాడ్ వేశారు కానీ మోకాలు వంగదు. క్లచ్ తొక్కలేని కాలుతో లారీ నడపడం ఇక కుదరదని డాక్టరు తేల్చి చెప్పాడు.

"లారీ ఆట ఆడే కంప్యూటర్ గావాలె," అంది సరోజ.

"నీకా వదినె?" అన్నాను. నా నోరు ఊరుకోదు.

"నాకెందుకు? గీయనకు. పొద్దుగాల్నే లేసి గడపల కూసుంటడు. పోయే లారీలను జూస్తడు. మాట లేదు, ముచ్చట లేదు. మొన్న మా బిడ్డ వికారాబాద్ హాస్టల్ నుంచి వచ్చి ఫోన్ల లారీ ఆట జూపిచ్చింది. ఏడాది తర్వాత నవ్విండు. గా నవ్వు కోసమే వచ్చిన." తర్వాత గొంతు తగ్గించి, "మల్లమల్ల కొనే తాకత్ లేదు. పదేండ్లు నడవాలె," అంది.

పదేళ్లు! మా వ్యాపారంలో ఐదేళ్లు నడిస్తే మహారాజు. కానీ ఆమె ముఖం చూశాక నవ్వలేకపోయాను. కాగితం తీసి రాయడం మొదలుపెట్టాను.

తక్కువ ఖర్చులో ఎక్కువ కాలం నడవాలంటే ముందు రంగురంగుల లైట్లు కొట్టెయ్యాలి. తర్వాత ఎస్ఎంపీఎస్. గోడలోంచి వచ్చే కరెంటును భాగాలకు తగినట్టు మార్చి పంచే పెట్టె అది. అందరూ అక్కడే మిగుల్చుకుంటారు, అది పాడైతే మిగతావాటినీ తీసుకుపోతుంది. అందుకే అది మంచిది రాశాను. అన్ని భాగాలనూ కలిపే పలక మదర్‌బోర్డ్. రేపు కొత్త ప్రాసెసర్ వేసుకోవడానికి వీలుండి, ర్యామ్‌కు ఖాళీ స్లాట్లున్నది ఎంచాను. తెర మీద బొమ్మను గీసేది గ్రాఫిక్స్ కార్డ్. దావీదు ఆటకు మధ్యరకం చాలు. పాత కార్డు చౌకగా దొరుకుతుంది గానీ దాన్ని ఎవరు ఎంత అరగదీశారో తెలియదు, కాబట్టి కొత్తదే రాశాను. వాళ్లింటి పక్కన బండలు కోసి నునుపు చేసే పాలిష్ యూనిట్ మోటార్లు ఆన్ అయినప్పుడల్లా వోల్టేజీ పడిపోతుందని సరోజ చెబితే, కరెంటు తగ్గినా ఆగకుండా నిలబెట్టే యూపీఎస్ కూడా చేర్చాను. చూశారా, పాలిష్ యూనిట్ సంగతి నాకు అప్పుడే తెలుసు.

చివరికి క్యాబినెట్. వేడి పెరిగితే భాగాల ఆయుష్షు తగ్గుతుంది. అందుకని ముందంతా పెద్దపెద్ద రంధ్రాల జాలీ, ఆరు ఫ్యాన్లు ఉన్న డబ్బా ఎంచాను. హైదరాబాద్‌లో అందరూ మెచ్చుకుంటున్నదే. పొరుగింటి పుల్లకూర రుచి కదా.

అప్పటిదాకా నోరు విప్పని దావీదు ఆ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిందుల ఏర్ ఫిల్టర్ ఏడున్నది చెల్లె?"

నేను పకపకా నవ్వాను. "ఇది లారీ కాదన్నా!"

ఆయన కూడా మొహమాటంగా నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు ఇప్పటికీ నా కంట్లో నలుసే.

వారం తర్వాత వాళ్లింటికి వెళ్లి నేనే బిగించాను. లారీ ఆట కోసం తెప్పించిన స్టీరింగ్‌ను బల్లకు కట్టి, దాని పెడల్స్ కింద పెట్టాను. చౌక సెట్ కాబట్టి రెండే పెడల్స్, బ్రేకు, యాక్సిలరేటర్. దావీదు వంగి చూసి, "గీ బండికి క్లచ్ లేదా?" అని అడిగాడు. లేదన్నాను. "దేవుడు నా కాలు జూసే పంపిండు," అన్నాడు మెల్లగా. సరోజ వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను వైర్లు సర్దుతున్నట్టు నటించాను.

రెండు నెలలు గడిచాయి. సరోజ ఫోన్ చేసింది.

"జర వస్తవా? ఆట నడుస్తుండంగనే బంద్ అయితున్నది. ఆయన మల్ల గడపల కూసున్నడు."

వెళ్లాను. ఆ సందు మొత్తం తెల్లగా ఉంది. రేకుల మీద, వేపాకుల మీద, ఆరేసిన బట్టల మీద బండల పొడి. రాయి కోసేటప్పుడు పోసే నీళ్లతో కారిన బురద ఎండి, వచ్చేపోయే లారీల చక్రాల కింద పిండిలా లేస్తుంది. క్యాబినెట్ తలుపు తీశాను. లోపల వేడిని లాగే రేకుల మధ్య పొడి సున్నం పూసినట్టు గట్టిపడింది. గాలి ఆడక, వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి కంప్యూటర్ ఆగిపోతోంది. నా ఆరు ఫ్యాన్లు రోజంతా ఊళ్లోని దుమ్మును లోపలికి పీల్చాయి.

దావీదు గడపలోంచే అన్నాడు. "పోనీ తియ్ చెల్లె. నా చేతుల ఏ బండీ నిలబడుతలేదు."

ఆ మాటకు తల కొట్టేసినట్టయింది. ఆయన తన తప్పే అనుకుంటున్నాడు!

"అన్నా, నీ తప్పు కాదు. ఫిల్టర్ ఏదని నువ్వు అడిగినవ్. నవ్వింది నేను. తప్పు నాది."

ఆయన నన్ను చూశాడు, తెరిచిన డబ్బాను చూశాడు. కర్ర ఆనించి లేచి వచ్చి, వేలితో పొడి గీకాడు.

"దుమ్ముకు గిది లారీయా, కంప్యూటరా అని ఏం తెలుస్తది?" అన్నాడు. కోపం లేదు. పని దొరికిన మనిషి గొంతు అది.

భాగాలన్నీ బాగానే ఉన్నాయి, నా అదృష్టం. మర్నాడు జాలీ డబ్బా తీసేసి, ఊడదీసి కడుక్కునే నైలాన్ ఫిల్టర్ ఉన్న మామూలు క్యాబినెట్ నా ఖర్చుతో వేశాను. ముందు రెండు ఫ్యాన్లు ఫిల్టర్ గుండా గాలిని లోపలికి తోస్తాయి, వెనక ఒక్కటే బయటికి పంపుతుంది. వచ్చే గాలి ఎక్కువ, పోయేది తక్కువైతే సందుల్లోంచి దుమ్ము దూరదని చెప్పబోయాను.

"అద్దాలు ఎక్కిచ్చి బ్లోయర్ పెడితే క్యాబిన్లకు దుమ్ము రాదు. గదే కదా?" అన్నాడు దావీదు.

అదే. నేను పదిసార్లు చదివి నేర్చుకున్నది ఆయనకు స్టీరింగ్ వెనక కూర్చునే తెలుసు. డబ్బాను నేల మీంచి ఎత్తి, కిటికీకి దూరంగా బల్ల మీద పెట్టమన్నదీ ఆయనే.

మూడేళ్లు దాటింది. ఇప్పుడు నా షాపుకు ఎవరొచ్చినా ఏ ఆట, ఎంత బడ్జెట్ అని మొదట అడగను. ఏ ఇంట్లో పెడతారు, పక్కన ఏముంది, ఎవరు తుడుస్తారు అని అడుగుతాను. భాగాల జాబితా ఆ తర్వాతే. కొందరు నవ్వుతారు. వాళ్లను దావీదు ఇంటికి తీసుకుపోతాను.

పోయిన నెల ఒక మాస్టారిని అలాగే తీసుకెళ్లాను. దావీదు తెర మీద ఘాట్ రోడ్డు దిగుతున్నాడు, తల తిప్పలేదు. "జర కూసోండి. బండి పక్కకు వెట్టి వస్త." దండెం మీద, మార్చి వేసుకునే రెండో ఫిల్టర్ ఆరుతోంది. ప్రతి ఆదివారం చర్చికి పోయే ముందు తనే ఉతుకుతాడట. "తన అంగీ మాత్రం నన్నే ఉతకమంటడు," అంది సరోజ, ఆయనకు వినిపించేలాగే.

మాస్టారు ఉండబట్టలేక అడిగాడు. "ఈ కంప్యూటర్ ఇంకెన్నాళ్లు నడుస్తుందంటావ్?"

దావీదు లారీని రోడ్డు పక్కన ఆపాడు. ముందు భార్యను, తర్వాత నన్ను చూసి నవ్వాడు.

"మా ఇంటామె పదేండ్లన్నది. ఇంక ఏడేండ్లు నడపాలె సార్."