హీరోయిన్ పక్కనే బాబూ మియా

అమీర్‌పేట హాస్టళ్ల పిల్లలకు బాబూ మియా ప్యాంట్లు పొట్టి చేసే మనిషి. కంప్యూటర్ కోర్సుల బ్యానర్లు ఆకాశాన్ని ముక్కలుగా కత్తిరించిన సందులో, జిరాక్స్ సెంటరుకూ టిఫిన్ బండికీ నడుమ ఆయన దుకాణం. అందులో ఒక కుట్టు మిషను, ఒక స్టూలు, ఒక బల్బు. గిరాకీ లోపలికి వస్తే బాబూ మియా బయటికి రావాలి, అంత చోటు.

ఆదివారం మాత్రం ఆయన వేరే మనిషి. ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, కాలరుకు ఒక సూది గుచ్చుకుని, పంజగుట్టలోని ఇంటి నుంచి అమీర్‌పేట మీదుగా మధురానగర్ దాకా నడిచి వచ్చేవాడు. మెట్రో ఉంది కదా అంటే, "పండుగకు పోయేటోడు నడిచే పోవాలె" అనేవాడు. ఆ పండుగ మా పాత యంత్రాల సంఘం. హనుమాండ్లు పిండిమర వెనక రేకుల షెడ్డులో వారం వారం కలుస్తాం. గ్రామఫోన్లు, టైపు మిషన్లు, చేతి పంపులు, గోడ గడియారాలు. ఊరంతా వదిలేసినవి మా దగ్గర మళ్లీ కూతకు వస్తాయి.

వాటన్నిటికీ పెద్ద, పెద్దోడు. హనుమాండ్లు తాత బావి మీద నీళ్లు తోడిన ఆయిల్ ఇంజన్ అది. పక్కల రెండు ఇనుప చక్రాలు, నెత్తిన డీజిల్ ట్యాంకు. అది మొదలైతే ముందు నేల గుండె కొట్టుకుంటుంది, తర్వాత మన గుండె దానితో తాళం కలుపుతుంది.

సంఘంలో బాబూ మియా పెట్టిన నియమం ఒకటి ఉంది. పండుగ చేసే ఆదివారం గోడ కరెంటు ముట్టుకోకూడదు. ఏ యంత్రం నడిచినా పెద్దోడి బలంతోనే నడవాలి. "ముసలోని చెయ్యి ముసలోడే పట్టాలె" అనేవాడు.

హ్యాండిల్ తిప్పే పని హనుమాండ్లుది. దానికి ముందు బాబూ మియా ట్యాంకు దగ్గరికి వచ్చి, కాలరు నుంచి సూది తీసి, మూత మీద ఒకచోట గుచ్చి, తీసి, పెదవులు కదిపి, సూదిని మళ్లీ కాలరుకు పెట్టుకునేవాడు. ఆ తర్వాతే చెయ్యి లేపేవాడు. "ఇగ తిప్పు!"

"గదేంది భాయ్, ఇంజన్‌కు సూది మందా?" అని హనుమాండ్లు నవ్వితే, "దిష్టి తీస్తున్న. గింత అందగాడు, నజర్ తాకదా?" అనేవాడు. ఏ ఆదివారమూ మానలేదు. మేమూ దాన్ని దిష్టిగానే చూశాం.

బాబూ మియాకు ఇంకో అలవాటు కూడా ఉండేది. గొప్పలు చెప్పడం. అది కూడా ఒకే ఒక్క గొప్ప. పడుచుతనంలో ఆయన కృష్ణానగర్‌లో సినిమా వాళ్లకు బట్టలు కుట్టాడు. అందులో ఒక సినిమా సగంలో ఆగిపోయింది, తెర ముఖమే చూడలేదు. ఆ సినిమా పాటలో తాను ఉన్నానని బాబూ మియా మాట.

"హీరోయిన్ పక్కనే ఉన్న. నడుమ గాలి సుత లేదు."

"నువ్వు ఉన్నవా, నువ్వు కుట్టిన గుండీలు ఉన్నయా?" అనేవాడు హనుమాండ్లు.

అన్నం డబ్బా పట్టుకుని వచ్చిన ఆయన భార్య ఫఖ్రున్నీసా గడప దగ్గర నుంచే అందుకునేది. "ఆయన కుట్టిన గుండీలా? అవి సుత ఒక్కకాడ ఉండయి. నికా అయిన సంది గిదే ముచ్చట వింటున్న. చూపియ్యి, నమ్ముత!"

"చూపిస్త బేగం. ఒకనాడు చూపిస్త."

ఆ ఒకనాడు పోయిన ఏడు మా షెడ్డు తలుపు తట్టింది. చంద్రిక వచ్చింది. మూతబడిన ఒక థియేటరులో బొమ్మ వేసిన ఆపరేటరు కూతురు ఆమె. నాన్న ప్రొజెక్టరును మా సంఘానికి ఇచ్చి, తానూ సభ్యురాలైంది. కృష్ణానగర్‌లో ఒక పాత ఎడిటింగ్ గది ఖాళీ చేస్తుంటే తుప్పు పట్టిన రేకు డబ్బా దొరికిందని చంకలో పెట్టుకుని తెచ్చింది. డబ్బా మీద వెలిసిన అక్షరాలు కూడబలుక్కుని చదివి బాబూ మియా నేల మీద కూర్చుండిపోయాడు. అదే సినిమా. అదే పాట. కత్తెర పడని, శబ్దం కలపని పచ్చి రీలు.

ఇక ఆయన్ను పట్టేవాళ్లు లేరు! ప్రొజెక్టరు బెల్టు తెగిపోయి ఉంటే తోలు తెచ్చి తన చేత్తో కుట్టాడు. కిటికీలకు నల్ల పరదాలు కుట్టాడు. తెర కోసం వెడల్పాటి తెల్లగుడ్డను వెతికి వెతికి తెచ్చాడు. నడుమ అతుకు ఉంటే హీరోయిన్ ముఖం మీద గీత పడుతుందట. రీలును వెలుతురుకు పట్టి చూస్తే తేలిపోతుంది కదా అని మేమంటే చెవులు మూసుకున్నాడు.

"ఎండకు పట్టి చూస్తే దొంగచూపు. బొమ్మ కదలాలె. అందరి ముంగట కదలాలె. బేగం ముందు వరసల ఉండాలె."

బొమ్మ వేసే ఆదివారం ఖాయమైంది. ఆ ఆదివారం ఇంకా రాకముందే, ఒక పొద్దున దుకాణం తెరిచి, ఎవరో పిల్లవాడి జీన్సు మిషను మీద పరిచి, పెడలు మీద కాలు అలాగే ఉంచి, బాబూ మియా వెళ్లిపోయాడు.

మేము డబ్బాను అటక ఎక్కించాం. మాలో ఎవరికీ దాన్ని తెరిచే ధైర్యం లేదు. కొన్నాళ్లకు ఫఖ్రున్నీసాయే షెడ్డుకు వచ్చింది. ఈసారి చేతిలో అన్నం డబ్బా లేదు.

"బొమ్మ ఎప్పుడేస్తున్రు?"

మేము ముఖాలు చూసుకున్నాం.

"గిట్ల చూస్తరేంది? నా పెండ్లయిన సంది ఆయనతోని గీ ఒక్క ముచ్చట మీదనే కొట్లాడిన. ఎవరు గెల్చిన్రో తెల్వకుంట ఎట్ల ఉండాలె నేను?"

అంతే! షెడ్డుకు ప్రాణం వచ్చింది. గౌరవంగా చెయ్యాలన్నాడు చక్రపాణి. ఆయన మా అధ్యక్షుడు, కాకినాడ నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డు బ్యాంకు ఉద్యోగి. నలగని చొక్కా, నలగని మాట. పెద్దోడికి ఆకుపచ్చ రంగు వేయించాడు. చక్రాలు, ట్యాంకు, మూత, అన్నీ చిగురుటాకులా మెరిశాయి. ఫఖ్రున్నీసా గుర్తుగా ఇచ్చిన బాబూ మియా సూదిని మఖమల్ గుడ్డ మీద పెట్టి, అద్దాల ఫ్రేము కట్టించి, షెడ్డు గోడకు తగిలించాడు.

ఆదివారం మధ్యాహ్నం షెడ్డు నిండి గడప బయటికి పొంగింది. ప్యాంట్లు పొట్టి చేయించుకున్న హాస్టలు పిల్లలు, టిఫిన్ బండి వాళ్లు, కృష్ణానగర్ నుంచి పాత జూనియర్ ఆర్టిస్టులు. నల్ల పరదాలు దింపగానే పట్టపగలే చీకటి. ముందు వరసలో ఫఖ్రున్నీసా దుపట్టా సర్దుకుని నిటారుగా కూర్చుంది, పరీక్ష పేపరు దిద్దే టీచరులా.

హనుమాండ్లు హ్యాండిల్ తిప్పాడు. పెద్దోడు దగ్గాడు, ఊగాడు, దడదడలాడాడు. బెల్టుతో దానికి కట్టిన డైనమో తిరిగి కరెంటు పుట్టింది. ప్రొజెక్టరు దీపం వెలిగింది.

తెర మీద మొదట గీతల వాన. వాన వెలిశాక తోట. తోటలో వరసలు వరసలుగా గులాబీ రంగు లంగాలు! రీలుకు గొంతు లేదు, అయినా ఎవరికీ లోటు తెలియలేదు. పెద్దోడి దరువుకే ఆ అమ్మాయిలంతా అడుగు వేస్తున్నట్టు ఉంది. ఎవరో ఈల వేశారు. రంగుకాగితాలు ఎగిరాయి.

ఫఖ్రున్నీసా లేచి నిలబడింది. "అరె! గా కుచ్చులు నేను కుట్టినయి! కొత్త పెండ్లికూతురిని కూసోబెట్టి రాత్రంతా కుట్టిచ్చిండు!"

"భాభీ, కూసో, యెన్క కనిపిస్తలేదు!"

అంతలో దీపం పసుపు రంగుకు దిగింది. తోటలో అమ్మాయిలు తేనెలో ఈదుతున్నట్టు నెమ్మదించారు. పెద్దోడు ఒక్కో అడుగు తడబడుతూ ఆగిపోయాడు. చంద్రిక చటుక్కున దీపానికి అడ్డు రేకు దించింది. వేడి దీపం ముందు ఆగితే రీలు కాలిపోతుంది. ఉన్నది ఆ ఒక్కటే.

హనుమాండ్లు ట్యాంకు మూత తీసి చూశాడు. నిండుగా డీజిల్. మూత బిగించి మళ్లీ తిప్పాడు. పెద్దోడు లేచాడు, జనం అరిచారు, గులాబీ లంగాలు మళ్లీ తిరిగాయి. హీరోయిన్ వచ్చింది! అందరం ఆమె పక్కకే చూస్తున్నాం. పక్కన ఎవరూ లేరు. మళ్లీ తేనె. మళ్లీ చీకటి.

చక్రపాణి నుదురు తుడుచుకున్నాడు. "ఇలా ఆగి ఆగి నడిస్తే రీలు దక్కదండీ. ఈ ఒక్కసారికి గోడ కరెంటు పెట్టేద్దాం. బాబూ గారు ఏమీ అనుకోరు."

"అనుకుంటడు" అంది ఫఖ్రున్నీసా. చీకట్లో ఆమె గొంతు ఎక్కడికో వెతుక్కుంటూ పోయి ఆగింది. "సూది పెట్టిన్రా?"

"ఏ సూది భాభీ?"

"ప్రతి ఆదివారం ఆయన సూది డీజిల్ వాసనతోని ఇంటికొస్తుండె. గిదేం కుట్టుడు అని తిడితే, పెద్దోని మూత మీద బెజ్జం ఉన్నది, పిండి పట్టి పూడుకపోతది, జర సాఫ్ చేసొచ్చిన అంటుండె."

హనుమాండ్లు సెల్ ఫోను లైటు మూత మీద వేశాడు. బెజ్జం ఉండాల్సిన చోట చిగురాకుపచ్చ రంగు నున్నగా నవ్వుతోంది. డీజిల్ కిందికి దిగాలంటే పైనుంచి గాలి లోపలికి రావాలి. ఎగిరే పిండికి మూసుకుపోయే ఆ దారినే బాబూ మియా వారం వారం తెరిచేవాడు. మేము దానికి రంగు వేసి మూసేశాం. తెరిచే సూదిని అద్దంలో పెట్టాం.

"దిష్టి అన్నడు గదా!" హనుమాండ్లు నెత్తి కొట్టుకున్నాడు.

"దిష్టి అంటెనే మీరు ఊకున్నరు. బెజ్జం అంటె ఒక్కొక్కరు ఒక్కో బెజ్జం పొడుద్దురు. సూది తియ్యి."

"అద్దం మేకులు కొట్టి బిగించారండీ..." అన్నాడు చక్రపాణి.

"పగలగొట్టు."

స్క్రూడ్రైవరు పిడితో ఒక్క దెబ్బ పడింది. మఖమల్ మీద నుంచి సూది ఫఖ్రున్నీసా వేళ్లలోకి వచ్చింది. ఆమె మూత మీద తడిమి, గుచ్చి, తిప్పి, లాగింది. ఇంజన్ ఆగిన షెడ్డులో ట్యాంకులోకి గాలి సన్నగా ఈల వేస్తూ దిగడం అందరికీ వినిపించింది.

ఆమె చెయ్యి లేపింది. "ఇగ తిప్పు!"

పెద్దోడు ఈసారి దగ్గలేదు. ఒక్కసారిగా పాట ఎత్తుకున్నాడు. దీపం తెల్లగా, ఇంకా తెల్లగా. హీరోయిన్ గిర్రున తిరిగింది. గులాబీ కొమ్మకు లంగా అంచు చిక్కి చిరిగింది. ఆమె ఆగింది, ఎవరినో పిలిచింది. కెమెరా ఆపడం మరిచినట్టున్నారు. తెర అంచు నుంచి సన్నటి యువకుడు పరుగెత్తుకొచ్చాడు. కాలరుకు సూది! మోకాళ్ల మీద కూర్చున్నాడు, చకచకా కుట్టాడు, వంగి దారాన్ని పంటితో కొరికాడు. తలెత్తాడు. కెమెరా తిరుగుతోందని అప్పుడు తెలిసింది. ముఖమంతా నవ్వు అయ్యాడు, సలాం చేసి పారిపోయాడు.

రేకుల కప్పు ఎగిరిపోతుందా అన్నంత అరుపు! హాస్టలు పిల్లలు బెంచీలెక్కారు. ముసలి జూనియర్ ఆర్టిస్టు ఒకామె అక్కడే అడుగులు వేసింది.

"ఉన్నడు!" ఫఖ్రున్నీసా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తీసేసింది. "పక్కన కాదు, కాళ్లకాడ ఉన్నడు! అబద్ధాలకోరు!"

"గాలి సుత లేదన్నడు గద భాభీ" అన్నాడు హనుమాండ్లు కళ్లు తుడుచుకుంటూ. "నిజమే. సూది పట్టే సందే ఉన్నది."

ఆమె నవ్వింది. ఆ నవ్వు చాలాసేపు ఆగలేదు, మధ్యలో తడిసింది, మళ్లీ నవ్వైంది. "సరే. సగం గెల్చిండు."

రీలు అయిపోయింది. తెల్ల తెర మీద ఖాళీ వెలుగు ఆడుతోంది. చంద్రిక దీపం ఆర్పబోయింది.

"ఏయ్ బేటీ, ఎందుకాపుతున్నవ్? మల్ల ఎయ్యి. మిగిలిన సగం ఎవరిదో చూస్త."

చంద్రిక రీలును చేత్తో వెనక్కి చుట్టడం మొదలుపెట్టింది. చక్రపాణి ఖాళీ ఫ్రేము పట్టుకుని వచ్చి, సూది కోసం మొహమాటంగా చెయ్యి చాచాడు. ఫఖ్రున్నీసా సూదిని దుపట్టా అంచుకు గుచ్చుకుంది.

"వచ్చే ఆదివారం పెద్దోనికి ఎవరు పెడ్తరు, నువ్వా? కూసో సాబ్, బొమ్మ సురువైతుంది."