ఫ్యాను కింద సాక్ష్యం

నేను గుంటూరులో లా చివరి సంవత్సరం చదువుతున్న రోజులవి. మా కాలేజీ ఉచిత న్యాయసలహా కేంద్రంలో నా మొదటి క్లయింటు దర్శి వైపు రైతు సుబ్బయ్యగారు. కోల్డ్ స్టోరేజీలో దాచిన ఆయన మిర్చి బూజు పట్టిందట. నేను గంభీరంగా, "సాక్ష్యం లేనిదే కేసు నిలవదండి, తీసుకురండి" అన్నాను.

మర్నాడు ఆయన గోతం భుజాన వేసుకొచ్చి, తిరుగుతున్న ఫ్యాను కింద మిరపకాయలు గుమ్మరించారు. కేంద్రం నడిపే మా మేడమ్‌కి ఒకటే తుమ్ములు, నాకు దగ్గు, ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు. ఆయన మాత్రం నిబ్బరంగా కూర్చుని, "నా గోడు ఇంకా చెప్పనేలేదు గదమ్మా, అప్పుడే ఏడుస్తున్నారేంది?" అన్నారు.

తుమ్ముల మధ్యే ఫిర్యాదు రాశాం. ఆయనకు నష్టపరిహారం కూడా వచ్చింది.

ఇప్పుడు నేను లాయర్ని. క్లయింటు చేతిలో గోతం కనిపిస్తే ముందు ఫ్యాను ఆపి, తర్వాతే కేసు వింటాను.