గోడకు అంటించిన ప్రోగ్రామ్

మా ముత్తాత వికారాబాద్ చుట్టుపక్కల దోమ, కోట్‌పల్లి అనే ఊళ్ల వైపు పల్లెలకు దేశ్‌ముఖు. ఆయన గుర్రం మీద వస్తుంటే కల్లంలో తూర్పారబట్టేవాళ్లు చేటలు దించి నిలబడేవారట. నిజాం సర్కారు ఆయనకు ఒక బిరుదు ఇచ్చింది. ఆయన తర్వాత మా తాత దాన్ని వాడుకున్నాడు. తాత కాలానికి గుర్రం లేదు, బిరుదు మాత్రం ఉంది. మా నాయన కాలానికి ప్రభుత్వం బిరుదులను పట్టించుకోవడం మానేసింది. మా నాయన ప్రభుత్వాన్ని పట్టించుకోవడం మానేశాడు. నా వంతుకు వచ్చేసరికి మిగిలింది వెన్నెముక ఒకటే. దాన్ని వంగకుండా చూసుకోవడమే నాకు దక్కిన ఆస్తి.

భూములు పోయాక కూడా వికారాబాద్‌లో మా ఇంటికి జనం వచ్చేవారు. తాత కామెర్లకు పసరు మందు ఇచ్చేవాడు. ఆదివారం తెల్లవారకముందే ఒక్కడే అనంతగిరి గుట్ట ఎక్కి, పంచె మడతలో ఏదో ఆకు తెచ్చేవాడు. దుప్పటి అడ్డం కట్టుకుని నూరేవాడు. మా నాయనమ్మకు కూడా ఆ దుప్పటి అవతలే చోటు. మందు పేరు చెబితే అది పనిచేయదని మా ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. నవాబుపేట నుంచి బండ్లు కట్టుకుని వచ్చినవాళ్లకూ అదే నమ్మకం.

ప్రత్యేక తెలంగాణ గొడవలతో 1969లో కాలేజీలు మూతపడ్డాయి. ఇంట్లో ఊరికే కూర్చున్న నేను ఒకరోజు తాతను అడిగాను.

"తాతా, గా ఆకేందో నాకు చెప్పరాదు?"

"చెప్పే రోజు వస్తది. గా రోజు నాకే తెలుస్తది" అన్నాడు.

తెలియలేదు. ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. ఆదివారం మాత్రం బండ్లు ఎప్పటిలాగే వచ్చాయి. నేను గుట్ట ఎక్కాను. గుట్ట నిండా ఆకులే, అన్నీ పచ్చగానే ఉన్నాయి. దిగి వచ్చి, వచ్చినవాళ్లకు మజ్జిగ పోసి, హైదరాబాద్ పట్నం దవాఖానకు పొమ్మని చెప్పాను.

"మందు లేదా దొరా?" అని ఒక ముసలమ్మ అడిగింది.

"లేదు."

"ఆకు దొరకలేదా?"

"ఆకు గుట్ట మీదనే ఉన్నది. ఏ ఆకో తెల్వది."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, మజ్జిగలో ఉప్పు తక్కువైందని చెప్పి పోయింది. అయినా ఆ వయసులో నాకు అందులో తప్పు కనిపించలేదు. ఇంటి విద్య ఇంటితో పోవడం కూడా ఒక దర్జానే అనుకున్నాను.

తర్వాత కొన్నేళ్లకు బతుకుతెరువు కోసం తాండూరు చేరాను. బండలు పాలిష్ పట్టే యూనిట్‌లో ఒక వాటా తీసుకున్నాను. తెల్లబట్టల అలవాటున్న నాలాంటివాడికి ఆ ఊరు అనుకూలమే. రాతిపొడి అందరి మీదా ఒకేలా పడుతుంది కాబట్టి, ఎవరివి ఉతికిన బట్టలో ఎవరివి కావో తేలదు. కొన్నాళ్లకు యూనిట్ల యజమానులంతా కలిసి నన్ను తమ సంఘానికి కార్యదర్శిని చేశారు. జీతం లేదు. కాయితాల మీద సంతకం చేసే పనికి నిటారుగా కూర్చునేవాడు కావాలన్నారు. మా వంశంలో మిగిలిన ఆఖరి పదవి అదే కాబట్టి ఒప్పుకున్నాను.

ఎనభైల చివర్లో పట్నం నుంచి ఒక కంప్యూటర్ కంపెనీ మనిషి సంఘం ఆఫీసుకు వచ్చాడు. బండల కొలతలు కొడితే బిల్లు దానంతట అదే అచ్చయి వస్తుందన్నాడు. డబ్బా అద్దెకు, దాని లోపలి ప్రోగ్రామ్ కూడా అద్దెకే. నన్ను "దొరవారూ" అన్నాడు. ఆ మాట విని చాలాకాలమైంది. తర్వాత సంచిలోంచి సీలు వేసిన కవరు తీశాడు. ఫ్లాపీ అందులో ఉంది. షరతులు కూడా అందులోనే ఉన్నాయి. షరతులు చదవాలంటే సీలు తీయాలి. సీలు తీస్తే షరతులకు ఒప్పుకున్నట్టే. ఇంత పకడ్బందీగా మా ముత్తాత కూడా కౌళ్లు రాయించుకోలేదు. నాకు ఆ కంపెనీ మీద గౌరవం కలిగింది.

"ఇందులో లెక్క ఎట్ల చేస్తదో చూడొచ్చా?" అని అడిగాను.

"అది మా కంపెనీ రహస్యం దొరవారూ. రహస్యం కాబట్టే దానికి విలువ" అన్నాడు.

మా తాత దుప్పటి గుర్తుకు వచ్చి, సంతోషంగా సంతకం పెట్టాను. మీటింగులో నిలబడి, "డబ్బా లెక్క తప్పితే తప్పు నాది. సరిచేయించే పూచీ నాది. తాండూరులో యంత్రం లెక్క ఆగదు, ఇది నా మాట" అన్నాను. ఎవరూ అడగకముందే అన్నాను. మా ఇంట్లో మాట అడిగించుకుని ఇచ్చే అలవాటు లేదు.

ఇక్కడ మా కొలత పద్ధతి కొంచెం చెప్పాలి. గని నుంచి వచ్చే బండకు అంచులు వంకరగా ఉంటాయి. దాన్ని ఎక్కడ సన్నగా ఉంటే అక్కడ కొలుస్తాం. అంగుళం మీద మిగిలిన ముక్క కొన్నవాడిది, లెక్కలోకి రాదు. టేపు ఒక కొసను అమ్మేవాడు, ఇంకో కొసను కొనేవాడు పట్టుకుంటారు. ఇది ఎవరూ రాయలేదు, అందరికీ తెలుసు. పట్నంలో కూర్చుని ప్రోగ్రామ్ రాసినవాడికి మాత్రం తెలియదు. వాడి ప్రోగ్రామ్ అంగుళం మీద అర కనిపిస్తే చాలు, పై అంగుళానికి ఎక్కించేసేది.

మొదట పట్టుకున్నది బండల వ్యాపారం చేసే పెద్దాయన. ఊరంతా ఆయనను చాచా అంటుంది. నా బిల్లు పట్టుకుని ఆఫీసు గడపలోనే నిలబడ్డాడు.

"దేశ్‌ముఖ్ సాబ్, మీ డబ్బల బండ పెరుగుతున్నది."

"పెరుగుడేంది చాచా?"

"అరే, టేపు నేనే పట్టిన కద. లారీ కాడ చిన్నగుండె. మీ బిల్లుల పెద్దగైంది. నా గోదాంల దించినంక మళ్ల చిన్నగైంది. నీళ్లు గిట్ల పోస్తున్నరా దానికి?"

లోపల కూర్చున్నవాళ్లంతా నవ్వారు. నేను నవ్వలేదు. రెండో రోజు ఇంకొకరు వచ్చి తన బండలకు కూడా ఎరువు వేయించమన్నారు.

పట్నం వెళ్లాను. కంపెనీ మేనేజరు నాకు కుర్చీ ఇచ్చి, చాయ్ ఇచ్చి, తర్వాత వచ్చే కొత్త ప్రోగ్రామ్‌లో చూస్తామన్నాడు. అది ఎప్పుడు వస్తుందో ఆయనకు తెలియదు. ఆ ఒక్క లెక్క మేమే మార్చుకుంటామంటే, తెరవడానికి వీల్లేదన్నాడు. అసలు అది తెరుచుకునే రూపంలో మాకు ఇవ్వనేలేదట. డబ్బా మా దగ్గర ఉంది, బండలు మావి, కొలత మాది, తప్పు కూడా మా పేరునే బజారులో తిరుగుతోంది. లెక్క మాత్రం దుప్పటి అవతల ఉంది. తిరుగు రైలులో శంకర్‌పల్లి దాటేదాకా నేను ఆ ముసలమ్మ గురించే ఆలోచించాను.

సంఘంవాళ్లు వచ్చే మీటింగు దాకా చూస్తామన్నారు. అప్పటికి సరికాకపోతే మళ్లీ పెన్నూ కాయితమే, కార్యదర్శిగా కూడా ఇంకొకరు. అది మర్యాదగానే చెప్పారు. మర్యాదగా చెప్పడం వల్ల ఇంకా బరువుగా తోచింది.

ఆ వారం మా అక్క బిడ్డ వికారాబాద్ నుంచి మా ఇంటికి వచ్చింది. పట్నం కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే ఉద్యోగం ఆమెది. సంగతంతా విన్నది.

"మామా, వాళ్లది మనం ముట్టలేం. కొత్తది నేను రాస్త. టేపు ఎట్ల పడ్తరో ఒక్కసారి చూపి. కని ఒక షరతు."

"నువ్వు కూడా కవరు తీస్తవా ఏంది?"

"కవరు లేదు. అదే షరతు. నేను రాసింది అందరికి ఇయ్యాలె. లోపల ఏమున్నదో ఎవలైనా చూడాలె, తమకు తగ్గట్టు మార్చుకోవాలె. మంచిగ మార్చినోళ్లు గది మళ్ల మిగిలినోళ్లకు ఇయ్యాలె."

"మనింటి ఆడబిడ్డ రాసిన విద్యను బజార్ల గోడకు అంటిపెట్టమంటవా?"

"గోడ మంచి జాగనే, అంటిపెడదాం. తాత మందు గోడకు ఉంటే నువ్వు మజ్జిగ పోసే ఫికర్ లేకపోవు."

మా అక్క ఆ మజ్జిగ కథను తన పిల్లలకు చెప్పిందని నాకు అప్పుడే తెలిసింది.

ఆమె మూడు సాయంత్రాలు లారీల దగ్గర నిలబడింది. చాచా ఆమె చేతికి టేపు కొస ఇచ్చి, "పట్టు బిడ్డా, గట్టిగ పట్టు, మీ మామ డబ్బ గుంజుతది" అన్నాడు. తర్వాత ఆఫీసులో కూర్చుని బేసిక్ భాషలో ప్రోగ్రామ్ రాసింది. అంచులకు చిల్లులున్న పొడవాటి కాయితం మీద దాన్నంతా అచ్చు తీసి, సంఘం గోడకు పై నుంచి కింది దాకా అంటించింది. పక్కనే ఏ వరుస ఏం చేస్తుందో తెలుగులో రాసింది. నాకు ఆ గోడను చూస్తే ఇంట్లో ఆరేసిన బట్టలు వీధిలోవాళ్లు లెక్కపెడుతున్నట్టు ఉండేది.

ఫ్లాపీలు పంచే ముందు ఆమెను బతిమాలాను. "కనీసం ఒక తాళం పెట్టు. మనల్ని అడిగి తెరిచేటట్టన్న ఉండాలె కద."

"నేను పెట్ట. నీకు అంత మనసుంటే ఎట్ల పెట్టాల్నో చెప్త, నువ్వే పెట్టుకో" అని నేర్పి, నవ్వుకుంటూ వికారాబాద్ బస్సెక్కింది.

నేను తాళం మాటగా మా తాత బిరుదు పెట్టాను. చిన్న అక్షరం పెద్ద అక్షరం తేడా లేకుండా, పూర్తిగా, సర్కారు కాయితంలో ఉన్నట్టే.

మీటింగు రోజు ఫ్లాపీ పెట్టగానే డబ్బా తాళం మాట అడిగింది. నేను గొంతు సవరించుకుని లేవబోయాను. అప్పటికే చాచా పక్కనున్నతను ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేశాడు. తెరుచుకుంది. అతనిది సరిహద్దు అవతల కర్ణాటకలోని సేడం. కన్నడం మాట్లాడతాడు, తాండూరులో యూనిట్ ఉంది.

"ఎట్ల తెలిసింది?" అన్నాను.

"ఎట్లేంది సాబ్? మీ తాత బిరుదు పొద్దున చాయ్‌కాడ వింటం, మాపటికి చాయ్‌కాడ వింటం. మా పిల్లలకు సుత నోటికి వచ్చు" అన్నాడు.

చాచా చేయి గుండెల మీద పెట్టుకుని, "జర తక్లీఫ్ తీసుకొని వేరే తాళం పెట్టున్రి సాబ్. గిది అందరి ఇండ్లల్ల ఉన్నది" అన్నాడు. ఆ నవ్వులో నేను కూడా కలవక తప్పలేదు. తాళం ఆ పూటే తీసేశాను.

బండలు కొలిచారు, డబ్బాలో కొట్టారు. లారీ దగ్గర ఎంతో బిల్లులో అంతే. కార్యదర్శి పదవి మాట ఎవరూ ఎత్తలేదు.

నా మనసు నిజంగా మారింది మాత్రం తర్వాత. ఒక ఉదయం గోడ మీది కాయితంలో ఎవరో ఎర్ర పెన్నుతో ఒక వరుస కొట్టేసి, కింద ఇంకోటి రాశారు. మా మేనకోడలి పని మీద గీతలా! ఎవరని గద్దించాను. సేడం ఆయన చేయెత్తాడు. రవాణాలో పగిలే బండలకు బదులుగా లారీకి కొన్ని ఎక్కువ వేయడం మా దగ్గర అలవాటు. ఆ బండలకు కూడా ప్రోగ్రామ్ బిల్లు వేస్తోందట. ఇంట్లో కూర్చుని గోడ మీది కాయితం నకలు చూసుకుంటూ తప్పు ఎక్కడుందో పట్టుకున్నాడు. మా మేనకోడలికి చెబితే, "వాళ్లు రాసిందే కరెక్ట్ మామా, నాకు గా అలవాటు తెల్వది" అంది. పట్నం కంపెనీ చాయ్ ఇచ్చి చేయలేని పనిని ఒక ఎర్ర పెన్ను చేసింది. ఆ తర్వాత అదే ప్రోగ్రామ్ కన్నడంలో బిల్లులు అచ్చు వేస్తూ సరిహద్దు దాటింది. అక్కడివాళ్లు చేసిన మార్పు ఒకటి తిరిగి మా గోడ మీదికి వచ్చింది.

అప్పటి నుంచి యంత్రాల గురించి ఎవరు అడిగినా నేను ఒకటే చెబుతున్నాను. లోపల చూడనివ్వని ప్రోగ్రామ్‌ను, అది ఎంత గొప్పదైనా, మీ పనికి ఆధారం చేసుకోకండి. చేసినవాడు మంచివాడే కావచ్చు. మా తాత కూడా మంచివాడే. మధ్యాహ్నం అన్నం తిని పడుకుంటాడు, అంతే. తెరిచి ఉన్నదాన్ని పదిమంది తప్పుపడతారు, గీతలు గీస్తారు, తమదే అన్నట్టు మాట్లాడతారు. నాకు ఈ రోజుకీ అది చూస్తే కొంచెం ఒళ్లు మండుతుంది. కానీ దిద్దడం కూడా వాళ్లే దిద్దుతారు.

కంపెనీవాళ్లకు సంగతి తెలిసింది. తమ డబ్బాలో ఇంకొకరి ప్రోగ్రామ్ నడపకూడదని కవరులోని షరతుల్లో ఉందట. సీలు తీసినవాణ్ని నేనే, చదవనివాణ్ని కూడా నేనే. జీపు వేసుకుని వచ్చి, సంతకం తీసుకుని డబ్బాను పట్టుకుపోయారు. బల్ల మీద డబ్బా పెట్టిన చోట దుమ్ములేని నలుచదరం మిగిలింది. గోడ మీద ప్రోగ్రామ్ ఉంది, అందరి దగ్గరా ఫ్లాపీలున్నాయి. ఈసారి మందు పేరు ఊరంతటికీ తెలుసు, నూరడానికి రోలు లేదు.

"పోనీ సాబ్, మళ్ల పెన్నుతోనే రాసుకుందాం. మీ మాట తప్పినట్టు కాదు" అన్నాడు చాచా. ఆటపట్టించకుండా ఆయన నాతో మాట్లాడింది అప్పుడే.

"యంత్రం లెక్క ఆగదని చెప్పిన చాచా. పెన్ను యంత్రం కాదు" అన్నాను.

సంఘం ఆఫీసుకు సొంత కంప్యూటర్ ఆ ఎండాకాలంలోనే వచ్చింది. దానికోసం నవాబుపేట దగ్గర మా నాయనమ్మ పేరు మీద మిగిలిన మామిడితోటను బావితో సహా అమ్మేశాం.