డిక్టేషన్‌లో లేని వాక్యం

మా నాన్నగారు కొట్టాయం దగ్గర ఒక ఊళ్ళో హోమియో వైద్యులు. ఎవరికైనా దయ్యం పట్టిందని కబురొస్తే వెళ్ళి నాడి చూసి, "నిద్ర చాలలేదు" అని చెప్పి వచ్చేవారు. నేనూ ఆయన కూతుర్నే. దయ్యాలు, ఆత్మలు నాకు పట్టవు. డెబ్బై ఏళ్ళు దాటిన ఈ వయసులోనూ పట్టవు. అయినా నా నోటితో జరిగిన సంగతి కాబట్టి ఇది జరగలేదని చెప్పలేను.

డెబ్బైల మొదట్లో, ఇరవై నాలుగేళ్ళప్పుడు, ఒక ఆడపిల్లల మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పడానికి విజయవాడ వచ్చాను. తెలుగు ఒక్క ముక్క రాదు. పటమటలో సువార్తమ్మ గారనే రిటైరైన నర్సు ఇంట్లో వెనక గది అద్దెకు దొరికింది. దిగిన రోజే దాహం వేసి, మా మలయాళంలో నీళ్ళకు వాడే మాట, "వెళ్ళం" అన్నాను. "ఎక్కడికి వెళ్ళాం?" అని ఆవిడ అయోమయంగా చూశారు. ఆస్పత్రిలో పట్టుబడిన ఇంగ్లీషు ఆవిడకు కొంత ఉండబట్టి బతికిపోయాను.

బస్సు బోర్డులు చదవలేను. స్టాపులు వేళ్ళ మీద లెక్కపెట్టుకుని దిగేదాన్ని. ఒకసారి లెక్క తప్పి కంకిపాడు దాకా వెళ్ళిపోయాను. కూరల్లో కారానికి కళ్ళ నీళ్ళు కారేవి. ఆదివారాలు ఆ నీళ్ళు కారం లేకుండానే వచ్చేవి. ఏడు వారాలు గడిచేసరికి నాకొచ్చిన తెలుగు కూర్చో, చాలు, ఎంత, రేపు లాంటి మాటలు, మొత్తం ఇరవై ఉంటాయేమో. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత చాలామంది నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాల తర్వాత ఎనిమిదో తరగతికి డిక్టేషన్ ఇచ్చాను. లైట్‌హౌస్ గురించిన పాఠం, ఆరు వాక్యాలు. మూడోది చెప్పి తలెత్తేసరికి క్లాసంతా నన్నే చూస్తోంది. మూడో బెంచీలో రత్నం అనే పిల్ల లేచి నిలబడి ఉంది. ఎవరితోనూ మాట్లాడని పిల్ల. తల్లి పోయి నాలుగు నెలలైందని హెడ్‌మిస్ట్రెస్ ముందే చెప్పారు. నేను ఏదో మాట తప్పు పలికాననుకుని, కూర్చోమని సైగ చేసి, నాలుగో వాక్యం చదివాను. నాకు గుర్తున్నది అంతే. కళ్ళు తిరగలేదు, ఒళ్ళు తూలలేదు.

సాయంత్రం వరండాలో కూర్చుని నోట్‌బుక్కులు దిద్దుతున్నాను. మొదటి పుస్తకంలో మూడో వాక్యానికీ నాలుగో వాక్యానికీ మధ్య రెండు లైన్లు తెలుగులో ఉన్నాయి. పిల్ల చిలిపితనం అనుకుని ఎర్రసిరాతో కొట్టేశాను. రెండో పుస్తకంలోనూ ఉన్నాయి. మూడోదాంట్లోనూ. ముప్ఫై ఎనిమిది పుస్తకాల్లో ముప్ఫై ఏడింటిలో, అదే చోట, తెలుగు రాత. రత్నం పుస్తకంలో మాత్రం అక్కడ రెండు లైన్లు ఖాళీగా వదిలి ఉన్నాయి.

సువార్తమ్మ గారిని పిలిచి చదవమన్నాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివారు. తర్వాత ఇంకో పుస్తకం తీసి చదివారు.

"రత్నం, జూకాలు పిన్ని తియ్యలేదే. ఉప్పు జాడీ అడుగున నేనే దాచాను."

అర్థం ఇంగ్లీషులో చెప్పి, పిల్లలు ఒకరి దాంట్లో ఒకరు చూసి రాసింది కాదని కూడా ఆవిడే అన్నారు. కొందరు "తియ్యలేదే" అని, కొందరు "తీయలేదే" అని రాశారు, ఒకమ్మాయి జాడీని "జాడి" అని రాసింది. చెవిని పడింది పడినట్టు రాశారన్నమాట. ఆ వాక్యంలో రత్నం పేరు నాకు తెలుసు, ఉప్పు అన్న మాట మా భాషలోనూ ఉంది. మిగతావి అంతకు ముందు నేను వినైనా ఉండవచ్చు, నాకు తెలిసి మాత్రం వినలేదు.

మర్నాడు క్లాస్ లీడర్‌ని అడిగితే, "మీరే చెప్పారు టీచర్" అంది. మీకు తెలుగు ఎప్పుడొచ్చిందా అని అందరూ ఆశ్చర్యపోయారట. రత్నం ఆ రోజు బడికి రాలేదు.

రెండు రోజుల తర్వాత ఆమె తండ్రి వచ్చాడు. బందరు నుంచి చేపలు తెప్పించి అమ్మే వ్యాపారి. హెడ్‌మిస్ట్రెస్ గదిలో కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా ఇంటి సంగతి మీకెవరు చెప్పారండీ?" అని అడిగాడు.

అతను చెప్పిందంతా హెడ్‌మిస్ట్రెస్ నాకు ఇంగ్లీషులో వివరించారు. భార్యకు కామెర్లు ముదిరి ఆస్పత్రికి తీసుకెళ్ళారు, తిరిగి రాలేదు. ఆమె బంగారు జూకాలు ఇంట్లో కనబడలేదు. సాయానికి వచ్చి ఉన్న ఆమె చెల్లెలే తీసిందని అతని తల్లి నిందవేసి, దినం కాగానే ఆ మనిషిని సముద్రపు ఒడ్డున ఉన్న వాళ్ళ ఊరికి పంపేసింది. డిక్టేషన్ రోజు రత్నం ఇంటికెళ్ళి, వేసవిలో ఊరగాయలకని కొని పెట్టిన రాళ్ళ ఉప్పు జాడీని నట్టింట్లో బోర్లించింది. అడుగున పాత రవికగుడ్డ మూట. అందులో జూకాలు.

మరదలే నాకు నేర్పించి చెప్పించిందని అతని అనుమానం. నేను కేరళ నుంచి వచ్చి ఏడు వారాలే అయిందని, తెలుగు రాదని హెడ్‌మిస్ట్రెస్ చెప్పారు. అతను నావైపు తిరిగి తెలుగులో ఏదో అడిగాడు. నాకు అర్థం కాలేదు. అది చూసి అతని ముఖం పాలిపోయింది. ఆ వారమే వెళ్ళి మరదల్ని తీసుకొచ్చాడని తర్వాత తెలిసింది.

నేను తేలిగ్గా వదల్లేదు. రత్నమే ఆ పిల్లలందరి చేతా రాయించిందా అని ఆలోచించాను. చోటు తెలిసిన పిల్లయితే పిన్ని ఏడుస్తూ వెళ్ళిపోతుంటే నాలుగు నెలలు నోరు మూసుకుని ఉండదు. బస్సులోనో బజార్లోనో ఎవరో అనుకోగా విని నిద్రమత్తులో పలికానా? జాడీలో ఉన్న సంగతి పోయిన మనిషికి తప్ప ఎవరికీ తెలియనప్పుడు ఎవరు అనుకుంటారు?

దసరా సెలవుల ముందు ఆ పిన్ని రత్నంతో కలిసి స్కూలుకి వచ్చింది. ముప్ఫై లోపు వయసు, ఎండకు కమిలిన ముఖం. అప్పటికి నాకు కొంచెం తెలుగు పట్టుబడింది.

"అక్క ఎలా అందో, ఒక్కసారి అనండి టీచర్ గారూ" అంది.

ఆ వాక్యాన్ని మలయాళం అక్షరాల్లో రాసుకుని ఎప్పుడో బట్టీపట్టాను. తడుముకుంటూ మొత్తం చెప్పాను. ఆమె తలవంచుకుని చివరిదాకా విన్నది.

"మాటలు అక్కవేనండీ. గొంతు మాత్రం మీదే" అంది. ఇంకేమీ అడగకుండా నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

ఆ రోజు క్లాసులో వినబడింది నా గొంతేనా అని రత్నాన్ని అడగాలని చాలాసార్లు అనుకున్నాను. ధైర్యం చాలలేదు. ఆ పిల్ల పదో తరగతి దాకా నా దగ్గరే చదివింది. మెల్లగా అందరితో కలిసింది, నవ్వడం కూడా మొదలుపెట్టింది. కానీ నేను డిక్టేషన్‌కి పుస్తకం తెరిస్తే చాలు, కలం కింద పెట్టేసి, చివరి వాక్యం అయ్యేదాకా నా పెదవుల వంకే చూస్తూ కూర్చునేది.