అక్క తెచ్చిన గొంగడి ముక్క

రాత్రి చిన్న జల్లు పడి వెలిసింది. తెల్లవారినా మబ్బు అట్లాగే ఉంది. దున్నిన చెలకలో మట్టి కాళ్లకు అంటుతోంది. పసుపు వేయడానికి మంచి అదను. విత్తనపు కుప్ప విప్పుదామని పలుగూ గంపలూ సర్దుకుంటుంటే, పక్కవాడలో ఉండే అక్క కొడుకు వచ్చి దొడ్డి దగ్గర నిలబడ్డాడు.

"అవ్వ లేస్తలేదు, మామా."

గంప కింద పెట్టి వాడి వెంట వెళ్లాను. అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రలోనే గుండె ఆగిందని జగిత్యాల నుంచి వచ్చిన డాక్టరు చెప్పాడు. ఆమె కిడ్నీల్లో ఒకటి ఏళ్లుగా నా ఒంట్లో పనిచేస్తోంది.

మా అమ్మ పోయాక నన్ను సాకింది అక్కే. నాకు పెళ్లయి, పిల్లలు పుట్టాక రెండు కిడ్నీలూ పాడయ్యాయి. కరీంనగర్ డాక్టరు హైదరాబాదు పంపాడు. అక్కడ మిషను మీద రక్తం కడిగారు కానీ, ఇంకొకరి కిడ్నీ పెడితేనే బతుకుతానన్నారు. పరీక్షల్లో అక్కది సరిపోయింది. బావకు ఇష్టం లేదు. ఆయన ఇప్పుడు లేడు.

"ఇద్దరికీ ఏమన్నయితే ఇల్లేంగావాలె?" అన్నాడు బావ అప్పుడు.

"కాకముందే ఏడుస్తున్నవా? ఊరికి పొయ్యి ఎడ్లకు నీళ్లు పెట్టు, పో" అని పంపేసింది అక్క.

అట్లాంటిది ఆపరేషను ముందురోజు తానే అడ్డం తిరిగింది. డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెబుతోంది. అక్క ఒంట్లోంచి తీసిన కిడ్నీని చల్లటి మందునీళ్లతో కడుగుతారట. మంచు మధ్య పెట్టిన గిన్నెలో, ఆ నీళ్లలోనే ఉంచుతారట. నన్ను సిద్ధం చేశాక తెచ్చి అతుకుతారట.

అక్క సంచిలోంచి గొంగడి ముక్క తీసింది. ఉతికి, ఎండబెట్టి, మడిచి తెచ్చింది. వానలో మేకపిల్ల పుడితే చెవులు పట్టిచూసి, చల్లబడి ఉంటే గొంగడిలో చుట్టి పొయ్యి పక్కన పెట్టడం మా ఇంట్లో ఆమె పని.

"దీంట్ల సుట్టుండ్రి అమ్మా, ఎచ్చగుంటది. మంచుల పెడ్తె సావదా? సచ్చినదాన్ని వీనికి పెడ్తరా? అట్లయితె నేనియ్య."

డాక్టరమ్మ నవ్వలేదు.

"వెచ్చగా ఉంటే దానికి ఆకలేస్తుందమ్మా. బయట రక్తం అందదు కదా, ఆకలితో చచ్చిపోతుంది. చల్లగా ఉంచితే ఆకలి తగ్గుతుంది, కొన్ని గంటలు ఆగుతుంది. మంచు మాత్రం నేరుగా తగలనివ్వం, తగిలితే కమిలిపోతుంది."

అక్క గొంగడి ముక్కను మళ్లీ మడిచి ఒళ్లో పెట్టుకుంది. మా దిక్కున పసుపు తవ్వాక విత్తనపు కొమ్ములను చెట్టు నీడన కుప్ప పోసి, పసుపాకు కప్పి, పైన మట్టీ పేడా కలిపి అలుకుతాం. వేడి తగిలితే అవి అదనుకు ముందే మొలిచి వడలిపోతాయి. చల్లగా ఉంటే వానల దాకా ఆగుతాయి.

"ఇత్తునం పసుపు లెక్క పండబెడ్తరన్నట్టు" అంది చివరికి. అదేమిటో డాక్టరమ్మ అడిగి తెలుసుకుంది.

"అంతేనమ్మా."

"మల్ల లేస్తదా?"

"రక్తం పారగానే లేస్తుంది."

"గట్లయితె పెట్టుండ్రి. జర పైలం."

మర్నాడు ఆపరేషను బల్ల మీద నా రక్తపోటు పడిపోయింది. అక్క కిడ్నీ అనుకున్నదానికన్నా ఎక్కువసేపు ఆ గిన్నెలో ఆగవలసి వచ్చింది. నాకు అవేమీ తెలియవు. తర్వాత డాక్టరమ్మే చెప్పింది. గిన్నెలో బూడిదరంగుగా ఉన్నది, రక్తం వదలగానే ఎర్రబడిందట. కాసేపటికి మూత్రం చుక్కలు పడ్డాయట. మత్తు దిగిన అక్క కళ్లు పూర్తిగా తెరవకుండానే అడిగిన మాట, "లేసిందా?"

ఊళ్లో ఎవరైనా ఆ సంగతి ఎత్తితే అక్క లేచి వెళ్లిపోయేది. నేను మాత్రలు మరిచిపోతే మాత్రం ఊరుకునేది కాదు. "నీకు కౌలుకిచ్చిన తమ్మీ, రాసియ్యలే. బీడు పెట్టినవంటె గుంజుకుంట" అనేది. ఆ గొంగడి ముక్కను ఏటా విత్తనపు కుప్ప అలికేటప్పుడు మోకాళ్ల కింద వేసుకునేది.

దినాలు అయ్యాక కుప్ప విప్పాం. ఈ ఏడూ ఆమే అలికింది. ఎండిన మట్టి మీద వేళ్ల గీతలు ఉన్నాయి. పలుగు మేనల్లుడి చేతికిచ్చాను, వాడే వేశాడు. ఆకు తీసి లోపల చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. కొమ్ములకు అప్పుడప్పుడే తెల్లటి మొలకలు పొడుచుకొస్తున్నాయి. సాయంత్రానికి సగం చెలక వేశాం.

అక్క పోయింది మంగళవారం, తెల్లవారకముందు. ఆమె ఇచ్చింది నా ఒంట్లో ఇంకా మేలుకునే ఉంది.