మొదటి స్టేజీ అని చెప్పాను

మాది నూజివీడు, మామిడికాయల వ్యాపారం. మొన్న కాయల సీజన్లో మా ఆవిడ పద్మ, కడుపు ఉబ్బరంగా ఉందనీ, నాలుగు ముద్దలకే పొట్ట నిండిపోతోందనీ రెండు నెలలు చెబుతూనే ఉంది. "గ్యాసులే, జీలకర్ర నీళ్లు తాగు" అంటూ నేనే వైద్యం చేశాను. పగలంతా రసాలు అమ్మేవాణ్ణి, ఇంట్లో నీరసాన్ని గుర్తుపట్టలేకపోయాను.

చివరికి స్కానింగ్ తీయిస్తే అండాశయంలో గడ్డ కనిపించింది. విజయవాడ డాక్టరమ్మ, "ఆపరేషన్ చేసి లోపల చూస్తేగానీ ఏ స్టేజీయో చెప్పలేమండీ" అన్నారు. ఆపరేషనైన వారానికి రిపోర్టు వచ్చింది. నన్నొక్కణ్ణే గదిలోకి పిలిచారు.

"క్యాన్సరేనండీ. కడుపు లోపలి పొరకి కూడా పాకింది. మూడో స్టేజీ. కనపడినంతా తీసేశాం, ఇక కీమో ఇవ్వాలి."

ముఖం కడుక్కుని వార్డులోకి వెళ్లి, "మొదటి స్టేజీయేనంట! గండం గడిచింది" అన్నాను హుషారుగా.

పద్మ నా వంక తిరిగింది. "పుల్లకాయని తీపని అంటగట్టేటప్పుడు కూడా మీ గొంతు ఇలాగే లేస్తుంది. నేను మీ దగ్గర కాయలు కొనడానికి రాలేదు. ఎన్నో స్టేజీయో చెప్పండి."

"మూడు" అన్నాను. పక్క మంచాలవాళ్లంతా చూస్తుండగా భోరుమన్నాను. కుట్లు లాగుతున్నా చెయ్యి చాచి నా తల నిమిరింది ఆవిడే.

ఇప్పటికి నాలుగు కీమోలు అయ్యాయి. ప్రతిసారీ వచ్చే రక్తపరీక్ష రిపోర్టు విప్పి చూసే ధైర్యం లేక కవరు ఆవిడకే ఇస్తున్నాను. చదివి, "బాగానే ఉందండీ" అంటుంది. అబద్ధమాడటం నాకంటే ఆవిడకే బాగా వచ్చేమోనని ఒకటే భయం.