ప్రభావం అడిగిన కవి

బోధన్‌లో నేను కథలు రాయడం మొదలుపెట్టిన రోజుల్లో మా ఊళ్లో ఒక పెద్ద కవి ఉండేవాడు. ఎవరి రచన చేతికిచ్చినా కాగితాన్ని వేలితో తట్టి, "గిండ్ల నేనున్న" అనేవాడు. పసుపు ఉడకబెడుతూ చెయ్యి కాల్చుకున్న మా అమ్మ మీద రాసిన కథలోనూ ఆయనే ఉన్నాడట. బతుకంతా వెన్నెల మీద తప్ప రాయని మనిషి, పసుపు కడాయి దగ్గరికి ఎట్లా వచ్చాడో నాకు అంతుపట్టలేదు.

నిరుడు నిజామాబాద్‌లో తన సన్మానం తానే ఏర్పాటు చేసుకున్నాడు. సన్మాన సంచికలో వేయడానికి నా ఉత్తరం కావాలని ఫోన్ చేశాడు.

"నా ప్రభావం నీ మీద ఎంతున్నదో రాయి చెల్లె. మొహమాటపడకు."

"ఉన్నదున్నట్టు రాయాల్నా అన్నా?"

"గంతకన్నా నాకేం గావాలె!"

ఉన్నదున్నట్టే రాశాను. "కథ ఎలా రాయకూడదో మీ దగ్గరే నేర్చుకున్నాను. అందుకు ఎప్పటికీ రుణపడి ఉంటాను" అని పంపాను. ఇక జన్మలో నాతో మాట్లాడడనుకున్నాను.

సంచిక వచ్చింది. మొదటి పేజీలోనే నా ఫోటో, దాని కింద నా ఉత్తరం. "కథ ఎలా రాయాలో మీ దగ్గరే నేర్చుకున్నాను" అని ఉంది. ఒళ్లు మండి వెంటనే ఫోన్ చేశాను.

"అన్నా, నా మాట మార్చిండ్రేంది?"

ఆయన గొంతులో తొణుకూ లేదు, బెణుకూ లేదు.

"తొందరల తప్పు రాసినవ్ చెల్లె, నేనే దిద్దిన. గీపాటి చెయ్యకుంటే నీకు గురువునెట్లయిత?"